లెమ్మన్న గొంతు

తెల్లవారుజామున నాలుగు గంటలకు కొల్లేటి సరస్సు మీద గాలి కదలదు. నీళ్లను ఆనుకుని చల్లటి గాలి పరుచుకుని ఉంటుంది, దాని మీద కాస్త వెచ్చటిది. ఆ వేళ పుట్టిన చప్పుడు ఆకాశంలోకి ఎగిరిపోదు. పైనున్న వెచ్చటి పొరలో ఒదిగి మళ్లీ నీళ్ల వైపే వంగుతుంది, నీళ్ల మీద జారుతూ ఎంత దూరమో పోతుంది. ఒక లంకలో ముసలాయన దగ్గితే పక్క లంకలో కూతురు లేచి కూర్చుంటుంది. అలాంటి వేళ చూసి మా నాన్న నిన్ను మొదటిసారి తిప్పాడు.

నల్లని పళ్లెమా! నీ మీద సూది ఆనగానే ముందు ఎండుతుంగ అంటుకున్నట్టు చిటపటలు. ఆ చిటపటల వెనక నుంచి ఒక గొంతు. అప్పటిదాకా అది మాకు సినిమా గొంతు. దేవదాసై తాగింది, తోటరాముడై ప్రేమించింది, మాయాబజారు వెన్నెట్లో పడవ నడిపింది. ఆ తెల్లవారుజామున అదే గొంతు వేషాలన్నీ విప్పేసి, స్నానం చేసి వచ్చి, తడి ఆరని ఒంటితో మా ఎదురుగా కూర్చుంది. ఘంటసాల మాస్టారి భగవద్గీత అది. ఎన్ని వేల సార్లు విన్నానో లెక్క లేదు. ఆ మొదటిసారి మాత్రం నీళ్ల వాసనతో సహా గుర్తుంది.

మా నాన్నది కైకలూరులో మైకు సెట్టు. రెండు బాకాలు, ఒక ఆంప్లిఫయరు, రెండు లారీ బ్యాటరీలు, రికార్డు ప్లేయరు, వైర్ల చుట్టలు. పెళ్లికి, సమర్తకు, ఎన్నికల మీటింగుకు, జాతరకు, చావుకు అన్నిటికీ అవే బాకాలు. అప్పట్లో చాలా లంకలకు కరెంటు లేదు, దారీ లేదు. సెట్టంతా దోనెలోకి ఎక్కించి, ఆంప్లిఫయరును పసిబిడ్డలా దుప్పటిలో చుట్టి, నన్ను దాని పక్కన కూర్చోబెట్టేవాడు. గెడ వేసేవాడితో ఒకటే మాట: "ఊగనీకు బాబూ, లోపల ఘంటసాల ఉన్నాడు."

నిన్ను ఏలూరులో కొన్నాడు. కృష్ణ నుంచి వచ్చిన కాలువ, గోదావరి నుంచి వచ్చిన కాలువ కలుసుకునే ఊరు ఏలూరు. రెండు నదుల నీళ్లు ఒకదాన్నొకటి పలకరించే చోట దొరికావు మాకు. ఒక పెళ్లి కిరాయి డబ్బులు మొత్తం నీకే పెట్టాడని అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు మెత్తబడింది. ఆ తర్వాత నీ అట్టకు తనే పాత చీర చెంగుతో సంచీ కుట్టింది.

నిన్ను పాడినాయన మాకు పరాయివాడు కాదు. చౌటపల్లి గుడివాడ తాలూకా. కైకలూరులో రైలెక్కితే గుడివాడ ఎంతసేపని? 1922 డిసెంబరు 4న పుట్టారు. తండ్రి సూరయ్యగారు మృదంగం వాయిస్తూ నారాయణతీర్థుల తరంగాలు పాడుతుంటే బిడ్డ దానికి అడుగులు వేసేవాడు. జనం ముచ్చటపడి బాలభరతుడన్నారు. ఆ తండ్రి పోతూ పోతూ కొడుకును సంగీతం నేర్చుకోమన్నారు. పిల్లవాడు ఆ మాట మూటగట్టుకుని విజయనగరం పోయాడు. జోలె పట్టుకుని ఇంటింటా మధూకరం ఎత్తుకున్నాడు, పట్రాయని సీతారామశాస్త్రిగారి దగ్గర పాఠం చెప్పించుకున్నాడు. క్విట్ ఇండియా రోజుల్లో పాటలు పాడుతూ ఊళ్లు తిరిగి, బళ్లారి దగ్గర అలీపురం జైల్లో 18 నెలలు ఉన్నాడు. అడిగి తెచ్చుకున్న అన్నంతో పెరిగిన గొంతు అది. జైలు గోడల మధ్య గడిపిన గొంతు. తర్వాత పాతికేళ్లకు పైగా తెలుగువాళ్ల పెళ్లిళ్లలో, పొలాల్లో, సినిమా హాళ్లలో, రేడియోల్లో ఆ గొంతు లేని రోజు లేదు.

1971లో యూరప్, అమెరికాలు తిరిగి పాడి వచ్చారు. 1972లో హైదరాబాదు రవీంద్రభారతిలో కచేరీ చేస్తుండగా గుండెలో నొప్పి. అప్పటికే చక్కెర వ్యాధి. ఆసుపత్రిలో చాలా రోజులు. గీత పాడాలన్న కోరిక అక్కడే పుట్టింది ఆయనకు. నేను ఎప్పుడూ ఆగిపోయేది ఇక్కడే. మంచం మీద పడుకున్న మనిషికి, రథాలూ శంఖాలూ నిండిన యుద్ధభూమి గుర్తొచ్చింది. చేతులు వణికి, ఒళ్లు మండి, విల్లు జారవిడిచి రథంలో చతికిలపడ్డ అర్జునుడి దగ్గరికి పోయి కూర్చోవాలనిపించింది. అది పూర్తయ్యాక ఇక సినిమా పాటలు వద్దనుకున్నారట. ఎన్ని వేల పాటల తర్వాత వచ్చిన మాట అది!

గీతలో 700 శ్లోకాలు. అందులోంచి నూరు పైచిలుకు ఏరుకున్నారు. ఏరడమే ఒక సాధన. ఏది వదలాలో తెలిసినవాడే మాల కట్టగలడు. ఏళ్ల తరబడి హార్మోనియంతో ఆయన వెంట నడిచిన పట్రాయని సంగీతరావుగారు గురువుగారి కొడుకు. మధూకరం నాటి ఋణం అలా తోడుగా ఉండిపోయింది. రాగం మారుతుంది, అర్థం మారుతుంది, ఎక్కడ మారిందో మనకు తెలియదు. సాయంత్రం కొల్లేటి మీద రంగు మారినట్టే. వాయిద్యాలు ఎక్కడా గొంతును తోసుకుని ముందుకు రావు.

శ్లోకం పాడి, వెంటనే తాత్పర్యం తెలుగులో చెబుతారు. నన్నడిగితే పాటకన్నా ఆ మాటే గొప్ప. ఏ ఒత్తూ నలగదు, ఏ దీర్ఘమూ కుంగదు, అయినా పండితుడు పీఠమెక్కి చెబుతున్నట్టు ఉండదు. అరుగు మీద పక్కన కూర్చున్న పెద్దన్నయ్య చెబుతున్నట్టుంటుంది. మా లంకల్లో అక్షరం ముక్క రాని ముసలమ్మలు ఆ వచనమంతా చెప్పేవాళ్లు. ఆత్మ గురించి, పాత బట్ట గురించి, పుట్టినవాడికి తప్పని చావు గురించి, వల అల్లుకుంటూ మాట్లాడుకునేవాళ్లు. సంస్కృతం గుడి దాటి చేపల బుట్టల మధ్యకు వచ్చింది, తీసుకొచ్చింది ఆ వచనమే. విశ్వరూపం దగ్గర మాత్రం ఆ పెద్దన్నయ్య కనబడడు. గొంతు పెద్దదవుతుంది, వేగం పెరుగుతుంది, చూస్తున్నవాడి భయమూ చూపిస్తున్నవాడి భీకరమూ ఒకే కంఠంలో ఢీకొంటాయి. అక్కడికి వచ్చేసరికి మా నాన్న ఆంప్లిఫయరు వాల్యూం ఒక గీత తగ్గించేవాడు. బాకా తట్టుకోదేమోనని.

ఇక నీ పుట్టుక. అయస్కాంతపు టేపు మీద నిలిచిన గొంతును, లక్కలాంటి పూత పూసిన అల్యూమినియం పళ్లెం మీద సన్నటి గాడిగా చెక్కుతారు. గాడి అంటే మనం చేలో తీసే చాలులాంటిదే. వెంట్రుకంత వెడల్పు, ఆ గోడల్లో గొంతు వంపులన్నీ. ఆ చెక్కిన పళ్లెం మెత్తన, ఎక్కువసేపు ఆగదు. అందుకని దాని మీద వెండి పలచగా పట్టించి, ఆపైన నికెల్ పోతపోసినట్టు పేరుస్తారు. ఊడదీస్తే లోహపు పలక వస్తుంది, గాడి ఉన్నచోట గట్టుతో. దానికి తండ్రి అని పేరు. తండ్రి మీద మళ్లీ లోహం పేర్చి తీస్తే తల్లి. తల్లి నుంచి అచ్చులు. ఆ అచ్చుల మధ్య వేడి ప్లాస్టిక్ ముద్ద పెట్టి నొక్కితే నువ్వు. కలకత్తా దగ్గర డండంలో హెచ్.ఎం.వి. వాళ్ల ఫ్యాక్టరీ ఉండేది. దేశం పాటలెన్నో అక్కడ పళ్లేలయ్యేవి. తండ్రి పోతూ చెప్పిన మాట కోసం బతికిన గొంతు, లోహపు తండ్రికీ లోహపు తల్లికీ మళ్లీ పుట్టి మా దగ్గరికి వచ్చింది. ఈ సంగతి తెలిసిన రోజున నేను నిన్ను ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

1974 ఫిబ్రవరి 11న మాస్టారు పోయారు. 51 ఏళ్లు. నువ్వు ఊరూరా తిరిగింది ఆయన పోయాకే. బాకాలు కట్టిన తాటిచెట్లను, ఆగిన పడవలను, తల వంచి విన్న జనాన్ని ఆయన చూడలేదు. ఆ బాకీ ఇప్పటికీ నా మనసులో అలాగే ఉంది.

మొదటిసారి నువ్వు మోగింది కొల్లేటికోటలో, పెద్దింట్లమ్మవారి జాతరలో. ఫాల్గుణమాసం. రాత్రంతా సినిమా పాటలు, డప్పులు, బాణసంచా. పడవల మీద పడవలు. మూడు దాటాక జనం అలిసి ఇసుకలోనే పడుకున్నారు. నాలుగింటికి నాన్న లేచాడు, చీర సంచీలోంచి నిన్ను తీశాడు. "ఇప్పుడెవరింటారు నాన్నా?" అన్నాను. "నీళ్లింటాయి," అన్నాడు. సూది పెట్టాడు. కాసేపటికి చీకట్లో చేపల మావులెత్తడానికి పోతున్న దోనెలు ఒక్కొక్కటే ఆగాయి. గెడ నీళ్లలో దించి, దాని మీద గడ్డం ఆన్చి నిలబడిపోయారు మనుషులు. దోనె అడుగున కొరమీను ఒకటి తోక కొట్టుకుంటోంది, దాని చప్పుడు కూడా వినబడింది నాకు. తూర్పు తెల్లబడేసరికి గూడబాతులు వరస కట్టి ఆ గొంతు మీదుగా ఎగిరిపోయాయి. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. ఎవరి పనికి వాళ్లు కదిలారు.

ఆ తర్వాత నిన్ను ఆపినవాడు లేడు. గుళ్లలో, ధనుర్మాసంలో, శ్రీరామనవమి పందిళ్లలో మోగావు. పళ్లెం పోయి క్యాసెట్టు వచ్చింది, క్యాసెట్టు పోయి సీడీ వచ్చింది, అదీ పోయి ఇప్పుడు జేబులో ఫోను. ఒళ్లు మార్చావు, లోపలి గొంతు మారలేదు. నువ్వు చెప్పిన పాత బట్టల మాట నీకే వర్తించింది.

చావింటికి నువ్వు ఎలా చేరావో నాకు తెలుసు. నేను అక్కడే ఉన్నాను గనక. మా లంకల్లో రాత్రి ఒక ప్రాణం పోతే తెల్లారేదాకా చుట్టాలు రాలేరు; పడవ దొరకాలి, కబురు అందాలి. అంతసేపు ఆ ఇంటి ముందు నిశ్శబ్దాన్ని ఎవరు మొయ్యాలి? సినిమా పాట పెట్టలేం. ఊరికే ఉండలేం. నాన్న నిన్ను తీసేవాడు. ఒకసారి ఉప్పుటేరులో కొడుకు పోయిన తల్లి దగ్గర రాత్రంతా నువ్వే ఉన్నావు. తెల్లవారాక బ్యాటరీ దిగిపోయి ఆగావు. ఆవిడ తలెత్తి, "ఆ అబ్బాయిని ఇంకాసేపు మాట్లాడమనండయ్యా," అంది. అబ్బాయి అంది. తన కొడుకు పక్కన కూర్చుని తనతో మాట్లాడుతున్న మరో కొడుకు అనుకుంది. నాన్న బ్యాటరీ మార్చడానికి దోనె వైపు పరిగెత్తాడు. మా నాన్న పరిగెత్తగా నేను చూసింది అదొక్కసారే.

అందుకే చావింట్లో నిన్ను పెట్టొద్దని నేను అనను. ఆ తల్లికి ఆ రాత్రి ఇంకెవరూ లేరు. కానీ ఇన్నేళ్లలో మనం నిన్ను అక్కడే వదిలేసి వచ్చాం. వీధిలో నీ గొంతు వినబడితే ఇల్లాళ్లు పొయ్యి కట్టేసి బయటికొచ్చి, ఎవరు పోయారని అడుగుతున్నారు. శవాల బండి వెళ్తూ వెళ్తూ నిన్ను మోగిస్తుంది. పొద్దున్నే ఇంట్లో పెడితే అపశకునమంటున్నారు. నా మనసు ఇక్కడ విరుగుతుంది.

మొన్న మా తమ్ముడి మనవడు వచ్చాడు. తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. గూడెం అంటే మా తరానికి ఉల్లిపాయల మార్కెట్టు, రేలంగిగారి సినిమా హాలు. వీడి తరానికి 2015లో వచ్చిన నిట్. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, "తాతయ్యా, ఇది పవర్ మెటల్, విను," అన్నాడు. హెలోవీన్ అని జర్మనీలో హాంబర్గ్ కుర్రాళ్లట. 1987లో ఒక భాగం, 1988లో రెండో భాగం, 'కీపర్ ఆఫ్ ది సెవెన్ కీస్' అని ఆల్బం. మైఖేల్ కిస్కే అనే గాయకుడు ఆ గుంపులో చేరేనాటికి పద్దెనిమిదేళ్లవాడు. విన్నాను. గిటార్లు గుర్రాల్లా పరిగెత్తాయి, డ్రమ్ములు రథచక్రాల్లా దొర్లాయి, వాటి పైన ఆ కుర్రాడి గొంతు డేగలా తిరిగింది. చెడుతో పోరు, తాళంచెవులు, లోకాన్ని కాపాడే బాధ్యత. మాట సగమే అర్థమైంది, అయినా రోమాలు నిక్కబొడిచాయి. పాటకు పెద్ద కథ కావాలి, కథకు యుద్ధం కావాలి, యుద్ధం చివర నిలబడే మనిషి కావాలి అని ఆ కుర్రాళ్లు నమ్మారు. నమ్మి పాడారు. అందుకు వాళ్లకు నా నమస్కారం.

"మనకూ ఉందిరా ఒక యుద్ధభూమి ఆల్బం," అని నేను ఫోనులో నిన్ను పెట్టాను. రెండు శ్లోకాలు కాలేదు. వాడి ముఖం చిన్నబోయింది. "ఇది ఎవరైనా చనిపోయినప్పుడు పెట్టేది కదా తాతయ్యా?" అన్నాడు. తప్పు వాడిది కాదు. వాడు పుట్టాక ఇంకెక్కడా విననిస్తే కదా!

ఒరేయ్ నాయనా, గీతలో కృష్ణుడు మొదట్లోనే చెప్పే మాట లెమ్మని. రెండో అధ్యాయంలో లెమ్మంటాడు. నాలుగో అధ్యాయం ముగిస్తూ లెమ్మంటాడు. పదకొండో అధ్యాయంలో విశ్వరూపం చూపించాక కూడా లెమ్మనే అంటాడు. చివరికి అర్జునుడు లేస్తాడు, సందేహం పోయింది, నిలబడ్డానంటాడు. గీతంతా ఒక మనిషిని లేపడమే. గుండె దెబ్బతిన్న గాయకుడు, మంచం మీంచి లేచి, లే అని పాడిన పాట ఇది. దాన్ని మనం ఇక లేవలేనివాడి తలాపున పెట్టి, లేవగలిగినవాళ్లకు వినబడకుండా చేశాం.

వాడికి 2006 సంగతి చెప్పాను. కొల్లేటిని 1999లో అభయారణ్యం చేశారు, 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. నాలుగేళ్ల తర్వాత సరస్సులో కట్టిన చేపల చెరువుల గట్లు కొట్టేశారు. పొక్లెయిన్లు వచ్చాయి, పేలుళ్లు వినబడ్డాయి. సరస్సుకు ఊపిరాడాలన్నది నిజం. గట్టు మీద కూర్చున్న చిన్నవాడి అప్పు కూడా నిజం. ఆ రోజుల్లో ఒక పొద్దున నేను ఆ దారిన పోతూ టీ కొట్టు దగ్గర ఆగాను. తెగిన గట్టు మీద పదిమంది మగాళ్లు, చేతులు మోకాళ్ల మీద వేలాడేసి, నీళ్లలో కలుస్తున్న మట్టిని చూస్తూ కూర్చున్నారు. విల్లు జారవిడిచినవాళ్లంతా అలాగే కూర్చుంటారు కాబోలు. టీ కొట్టువాడి టేపురికార్డరులో నువ్వు మోగుతున్నావు. అరిగిన టేపు, గొంతు అక్కడక్కడా ఊగుతోంది. కర్మ చెయ్యడం వరకే నీ వంతు అన్నచోట తాత్పర్యం వచ్చింది. మాస్టారి గొంతు అక్కడ ఎంత మెత్తగా ఉంటుందో తెలిసినవాళ్లకు తెలుసు. కాసేపటికి వాళ్లలో పెద్దాయన లేచాడు. పంచె వెనక మట్టి దులుపుకున్నాడు. చిక్కుపడ్డ వలను ఒక కొస పట్టుకుని లాగి, "రండ్రా, ఇదైనా విడదీద్దాం," అన్నాడు. మిగతావాళ్లూ లేచారు. పాట వల్లే లేచారని ఎలా చెప్పను? లేచారన్నది మాత్రం నా కళ్లతో చూశాను.

కుర్రాడు మళ్లీ హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. ఈసారి అందులో నువ్వున్నావు. విశ్వరూపం దగ్గర వాడి కాలు తాళం వేయడం ఆగిపోయి, కళ్లు పెద్దవయ్యాయి. అయ్యాక, "ఇంత పెద్దగా పాడతాడా ఈయన!" అన్నాడు. "వాల్యూం ఒక గీత తగ్గించుకో," అన్నాను.

నాన్న లేడిప్పుడు. కైకలూరు కొట్టు లేదు. బాకా ఒకటి మా పెరట్లో జామచెట్టు కింద ఉంది, వానాకాలం దాంట్లో నీళ్లు నిలిస్తే పిచ్చికలు తాగుతాయి. నువ్వు మాత్రం అమ్మ కుట్టిన సంచీలోనే ఉన్నావు. నీ గాడులు అరిగాయి, చిటపటలు పెరిగాయి. అయినా రోజూ పొద్దున నాలుగింటికి ఒక వైపు తిప్పుతాను. కొత్తలో పక్కింటివాళ్లు గోడ మీంచి తొంగి చూసి, "అంతా బాగేనా బాబాయిగారూ?" అని అడిగారు. బాగేనమ్మా, అందుకే పెట్టాను అన్నాను. ఇప్పుడు అడగడం మానేశారు. ఆదివారాలు పక్కింటావిడ కాఫీ గ్లాసు తెచ్చుకుని గోడ అవతల నిలబడి వింటుంది.

ఇది చదువుతున్న మీ ఫోనులో కూడా ఆ గొంతు ఉంటుంది. రేపు తెల్లవారుజామున, ఇంట్లో అందరూ ఉండగా, పాలు కాగుతుండగా ఒక్కసారి పెట్టండి. చిన్నగా పెట్టినా చాలు.